థర్డ్ క్లాస్ అనే తిట్టు

మనకి ఏదైనా నచ్చకపోతే ఠకీమని నోట్లోంచి ఊడిపడే మాటల్లో 'థర్డ్ క్లాస్' ఒకటి. సినిమా బాలేదా, థర్డ్ క్లాస్ సినిమా. టీ నీళ్ళలా ఉందా, థర్డ్ క్లాస్ టీ. ఆటో అతను ఇరవై రూపాయలు ఎక్కువడిగి, ఇవ్వనంటే నాలుగు మాటలన్నాడా, థర్డ్ క్లాస్ మనిషి. మా ఆఫీసులో ఐతే ఎవరో రాసేసి ఉద్యోగం మారిపోయిన కోడ్ కూడా థర్డ్ క్లాసే (రాసినవాడు పక్కన లేడు కదా, ఏమన్నా అనొచ్చు).

తమాషా ఏంటంటే, ఎవరూ ఎవర్నీ 'సెకండ్ క్లాస్ మనిషి' అని తిట్టరు. ఫోర్త్ క్లాస్ అనే మాట గవర్నమెంటు ఉద్యోగాల్లో ఉండేది గానీ, అది కూడా తిట్టుగా ఇంతలా స్థిరపడలేదు. సరిగ్గా మూడో నంబరే ఎందుకు? మూడుకి మన దగ్గర చెడ్డపేరేం లేదు. త్రిమూర్తులు, ముల్లోకాలు, త్రివేణి... అన్నీ గౌరవమైనవే. కాబట్టి ఈ మాట ఎక్కడినుంచో ఒక నిర్దిష్టమైన చోటునుంచి వచ్చి ఉండాలి.

నాకు తోచినంతలో అలాంటి చోట్లు రెండు. ఒకటి పరీక్షలు. పాతరోజుల్లో ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు, థర్డ్ క్లాసు అని సర్టిఫికెట్ల మీద రాసేవాళ్ళు. కానీ అక్కడ థర్డ్ క్లాసంటే పాసైనట్టే. మా తాతయ్యల తరంలో థర్డ్ క్లాసు బీయేతో దర్జాగా ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళు బోలెడంతమంది. మార్కుల సంగతి సరుకు నాణ్యత వరకూ సరిపోతుంది, మనిషి మర్యాదకి ఎలా అంటుకుంటుంది? అందుకే రెండో చోటు మీద నా అనుమానం. అది రైలు. సికింద్రాబాద్‌లో ఉంటూ రైలుని అనుమానించకపోతే ఎలా!

సరే, కాస్త వెనక్కి వెళ్దాం.

సికింద్రాబాద్ అసలు పుట్టడమే దండు కోసం పుట్టింది. 1798లో నిజాంకీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం వచ్చి హుస్సేన్ సాగర్ ఉత్తరాన మకాం పెట్టింది. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. రైలు వచ్చింది 1874లో. బొంబాయి - మద్రాసు ప్రధాన మార్గం మీదున్న వాడీ నుంచి సికింద్రాబాద్‌కి లైను వేశారు. దివాన్ మొదటి సాలార్‌జంగ్. డబ్బు నిజాం రాజ్యానిది, దండుని త్వరగా కదిలించుకునే సౌకర్యం బ్రిటిష్ వాళ్ళది. తర్వాత అదే లైను 1886కి వరంగల్లు, 1889కి బెజవాడ చేరింది.

రైలుతో పాటు మనకి దిగుమతైన ఇంకో సరుకు ఈ 'క్లాసు'లు. అవి మనం కనిపెట్టినవి కాదు. ఇంగ్లండులో రైళ్ళు మొదలైన కొత్తలో మూడో తరగతి అంటే చాలాచోట్ల పైకప్పు లేని బండి. వాన పడితే తడవాలి, ఇంజను పొగా నిప్పురవ్వలూ మొహాన పడితే తుడుచుకోవాలి. 1841 డిసెంబరు 24న సోనింగ్ అనే చోట రైలు మట్టిపెళ్ళల్లోకి దూసుకుపోతే, పొట్టి గోడల బండ్లలో కూచున్న మూడో తరగతివాళ్ళు గాల్లోకి ఎగిరిపడి పలువురు చనిపోయారు. వాళ్ళలో చాలామంది పండక్కి ఇంటికెళ్తున్న మేస్త్రీలు, కూలీలు. తర్వాత 1844లో గ్లాడ్‌స్టన్ మంత్రిగా ఉండగా చట్టం తెచ్చారు. రోజుకి ఒక్క రైలైనా ఉండాలి, దానికి పైకప్పూ కూర్చోడానికి సీట్లూ ఉండాలి, మైలుకి ఒక పెన్నీకి మించి వసూలు చేయకూడదు, గంటకి సగటున 12 మైళ్ళైనా పోవాలి. అంటే మూడో తరగతి మనిషి నెత్తిమీద కప్పు ఉండాలన్న సంగతి కూడా పార్లమెంటు చెప్పాల్సొచ్చింది!

ఆ ఏర్పాటు ఇక్కడికి వచ్చేసరికి ఇంకా ముదిరింది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్యాసింజరు రైలు నడిచింది. జనం రైలెక్కుతారా, కులం పోతుందని భయపడతారా అని అప్పటి దొరలకి పెద్ద సందేహం. జనం మాత్రం ఎగబడి ఎక్కారు. రైల్వే ప్రయాణికుల్లో నూటికి తొంభైమందికి పైగా మూడో తరగతివాళ్ళే. ప్రయాణికుల మీద వచ్చే ఆదాయంలో పెద్ద వాటా కూడా వాళ్ళ చిల్లర డబ్బులదే. మెత్తటి సీట్లు మాత్రం ఫస్ట్ క్లాసుకి. మూడో తరగతికి చెక్కబల్లలు. మొదట్లో మరుగుదొడ్డి కూడా లేదు. బండి ఆగినప్పుడు దిగి, అది కదిలేలోగా పరిగెత్తుకుని రావాలి. పెద్ద తీర్థాలకి, మేళాలకి రద్దీ ఎక్కువైతే గూడ్సు పెట్టెల్లో కూడా ఎక్కించి పంపేవాళ్ళు.

ఇదంతా ఎవరో కడుపుమంటతో చెప్పిన మాట అనుకోకండి. స్వయంగా అనుభవించి, లెక్కలతో సహా రాసిపెట్టిన ప్రయాణికుడు ఒకాయన ఉన్నాడు. పేరు చెప్తే మీకు తెలుస్తుంది. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

గాంధీని ఫస్ట్ క్లాసు టికెట్టు ఉన్నా రైల్లోంచి దింపేసిన కథ (దక్షిణాఫ్రికాలో, 1893) మనందరికీ స్కూల్లోనే చెప్తారు. మూడో తరగతి కథ మాత్రం ఎందుకో పెద్దగా చెప్పరు. 1917లో ఆయన భారతీయ రైల్వేల్లో మూడో తరగతి గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చేసిన రెండున్నరేళ్ళలో పావు వంతుకి పైగా కాలం కావాలనే మూడో తరగతి రైళ్ళలో గడిపానని చెప్పి, అందులో ఒక ప్రయాణాన్ని పూసగుచ్చినట్టు వర్ణించాడు. బొంబాయి నుంచి మద్రాసుకి మెయిలు, టికెట్టు 13 రూపాయల 9 అణాలు. పెట్టె మీద 22 మందికి అని రాసుంది. పూనా దాకా లోపలున్న గట్టివాళ్ళు బయటివాళ్ళని తోసేస్తూ ఎలాగో లాక్కొచ్చారు. రాయచూరు దాటాక ఇక ఎవరి వల్లా కాలేదు. రాత్రి చాలాసేపు ఆ 22 మంది పెట్టెలో 35 మంది. కొందరు మురికిలోనే నేలమీద పడుకున్నారు, కొందరు నిలబడే ఉన్నారు. ఒక దశలో కొట్లాట జరగబోతే పెద్దవాళ్ళు కలగజేసుకుని ఆపారు. ఒక మేమన్ వ్యాపారి, అయ్యా నాకిది ఐదో రాత్రి, ఇలా కుక్కకండి అంటే గార్డు ఆయన్ని అవమానించి, చివరి స్టేషన్లో పైవాళ్ళకి చెప్పుకోమన్నాడు. దారి పొడుగునా ఆ పెట్టెని ఒక్కసారి కూడా ఊడ్చలేదు.

రాయచూరు అప్పటికి నిజాం రాజ్యంలోది. అక్కడినుంచి ఆ లైను ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా పోతుంది. అంటే ఆ 'ఎవరి వల్లా కాని' సగం ప్రయాణం మన ఊళ్ళ మీదుగానే జరిగింది. ఎక్కినవాళ్ళలో మన ముత్తాతలు ఎంతమందో!

ఇక్కడ నా వృత్తి బుద్ధి ఊరుకోదు. 22 మందికి డిజైన్ చేసిన దానిమీద 35 మంది, అంటే దాదాపు అరవై శాతం ఎక్కువ లోడు. నేను రాసిన సర్వరు మీద అంత లోడు అదనంగా పడితే అది కూడా రిక్వెస్టులని మొహమాటం లేకుండా తోసేస్తుంది, జవాబివ్వకుండా నిలబెడుతుంది. దాన్ని చూసి ఎవరూ 'ఈ సర్వరుకి సంస్కారం లేదు' అనరు. కెపాసిటీ ప్లానింగ్ చేసినవాడు ఎవడ్రా అని అడుగుతారు. రైలు పెట్టె విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తోసుకున్నవాడికే పేరు పెట్టారు.

'అలా అని మూడో తరగతివాళ్ళంతా సాధువులా?' అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గాంధీ కూడా వాళ్ళని వెనకేసుకు రాలేదు. కూర్చున్నచోటే ఉమ్మడం, చెత్త కింద పారేయడం, పక్కవాడి ఇబ్బంది పట్టించుకోకుండా గట్టిగా అరవడం గురించి తన ఆత్మకథలో నిర్మొహమాటంగా రాశాడు. కానీ ఆయన రైల్వే నిర్లక్ష్యాన్నీ ప్రయాణికుల అలవాట్లనీ ఒకే త్రాసులో పెట్టి చూశాడు. ఫస్ట్ క్లాసు టికెట్టు మూడో తరగతికి ఐదు రెట్లకి పైనే, మరి మూడో తరగతివాడికి అందులో ఐదో వంతు, పోనీ పదో వంతు సౌఖ్యమైనా దక్కుతోందా అని అడిగాడు. మందు కూడా చెప్పాడు. వైస్రాయి, సేనాధిపతి, రాజులు, మహారాజులు అప్పుడప్పుడూ ముందుగా చెప్పకుండా మూడో తరగతిలో ప్రయాణం చేస్తే చాలు, మార్పు దానంతటదే వస్తుందన్నాడు. వాళ్ళెవరూ ఎక్కినట్టు లేరు.

ఆ రైల్లో ఎవరు ఎవరితో మర్యాద తప్పారో ఇంకోసారి చూడండి. టికెట్టు కొన్న వ్యాపారిని తిట్టింది గార్డు. పెట్టెలో పట్టనంతమంది జనాన్ని కుక్కింది కంపెనీలు. ఈ లెక్కన అమర్యాదకి 'రైల్వే గార్డు మనిషి' అనో 'ఫస్ట్ క్లాస్ మనిషి' అనో పేరు రావాలి. కానీ తిట్టు ఎప్పుడూ ఎత్తునుంచి పల్లానికే పారుతుంది. డబ్బు కట్టి, చెక్కబల్ల మీద రెండు రాత్రులు కూచున్నవాడి టికెట్టు మీది మాటే తిట్టైంది.

తర్వాత ఆ క్లాసు ఏమైంది? దేశదేశాల్లో ఆ పేరుకి సిగ్గుపడడం మొదలైంది. బ్రిటన్‌లో ఐతే ఇది మరీ వింత. 1875లో మిడ్‌లాండ్ అనే రైల్వే కంపెనీ సెకండ్ క్లాసుని ఎత్తేసింది, తర్వాత మిగతా కంపెనీలూ మెల్లమెల్లగా అదే దారి పట్టాయి. దాంతో చాలా రైళ్ళలో ఒకటి ఉండేది, మూడు ఉండేది, మధ్యలో రెండు ఉండేది కాదు. చివరికి 1956లో మూడుని రెండు అన్నారు, 1987లో ఆ రెండుని కూడా తీసేసి 'స్టాండర్డ్' అన్నారు. మనవాళ్ళు 1955లో పైనుంచి మొదలుపెట్టారు. అప్పటి ఫస్ట్ క్లాసుని రద్దు చేసి, సెకండుని ఫస్ట్ అనీ, ఇంటర్‌ని సెకండ్ అనీ పిలిచారు. థర్డ్ మాత్రం థర్డ్‌గానే ఉండిపోయింది. దానికి విముక్తి 1974లో. అప్పుడు థర్డ్ క్లాసు పేరు సెకండ్ క్లాసుగా మారింది. పెట్టెలు అవే, బల్లలు అవే, మారింది పేరూ పెయింటూ. అసలు బల్లల సంగతి పట్టించుకున్నది 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే. సెకండ్ క్లాసు స్లీపరు చెక్కబల్లల మీద రెండంగుళాల ఫోము వేయించింది ఆయన హయాంలోనే. ఈరోజు స్లీపరు బెర్తు మీద నడుం వాలుస్తున్నామంటే ఆయన చలవే. అదే ఏడాది డిసెంబరు 26న హౌరా - బొంబాయి మధ్య గీతాంజలి ఎక్స్‌ప్రెస్ అని అసలు క్లాసులే లేని రైలు కూడా మొదలుపెట్టారు.

ఈలోగా మన ఊరికి ఇంకో గౌరవం దక్కింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి దాని హెడ్డాఫీసు సికింద్రాబాద్‌కి వచ్చింది. తేదీ చూడండి, అక్టోబరు 2. మూడో తరగతి కోసం పుస్తకం రాసినాయన పుట్టినరోజు.

నేను పుట్టేసరికి థర్డ్ క్లాసు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నేను ఎప్పుడూ ఆ టికెట్టు కొనలేదు, మా నాన్న కూడా బహుశా చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు ఎక్కి ఉంటారంతే. పెట్టె పోయింది, టికెట్టు పోయింది, తిట్టు మాత్రం రిజర్వేషన్ లేకుండానే మూడో తరానికి ప్రయాణం చేసింది.

ఈమధ్య థర్డ్ ఏసీలో వస్తుంటే ఒక విచిత్రం చూశాను. థర్డ్ ఏసీ మనకి వచ్చింది 1990లలో. మధ్యతరగతికి 'మేమూ ఏసీలో వెళ్తాం' అని చెప్పుకునే వీలు కల్పించింది అదే. కాజీపేటలో జనరల్ పెట్టెలో చోటు దొరకని ఒక కుటుంబం మా పెట్టె ఎక్కి తలుపు దగ్గర నిలబడింది. ఇద్దరు పిల్లలు, ఒక బియ్యం బస్తా సంచి. నాకెదురు బెర్తాయన పుస్తకం పక్కన పెట్టి 'థర్డ్ క్లాస్ పీపుల్' అన్నాడు, వాళ్ళకి వినపడేట్టే. తల పైన ప్లేటు మీద పెద్దక్షరాల్లో 3 అని రాసుంది. ఆయన చెప్పినదాన్లో సగం నిజం కూడా ఉంది, వాళ్ళ దగ్గర ఆ పెట్టెకి టికెట్టు లేదు. ఆ మాట అనడానికి మామూలు తెలుగు సరిపోతుంది. 'ఇది రిజర్వేషన్ పెట్టండీ, తర్వాతి స్టేషన్లో మారండి' అంటే అయిపోతుంది. టికెట్టు గురించి మాట్లాడాల్సినచోట ఆయన మనుషుల గురించి మాట్లాడాడు.

పాపం ఇంగ్లీషు ఒక్కదాన్నే ఎందుకు అనాలి, మన తెలుగేం తక్కువ తినలేదు. 'దరిద్రపు మనిషి' అంటాం, దరిద్రం అంటే డబ్బు లేకపోవడం. 'చిల్లర వేషాలు' అంటాం, జేబులో నోట్లు లేనివాడి దగ్గరుండేది చిల్లరే. 'ముష్టి వెయ్యి రూపాయలు' అంటాం. 'వెధవ' అనే మాటకి మూలం విధవ, మొగుడు పోయిన ఆడమనిషి. ఆవిడ దురదృష్టాన్ని తీసుకొచ్చి ఏ సంబంధమూ లేని కుర్రాడి నెత్తిన రుద్దుతాం. ఇంగ్లీషూ అంతే. మన సినిమాల్లో గొడ్డలి పట్టుకు తిరిగే 'విలన్' ఒకప్పుడు దొరగారి పొలంలో పనిచేసే పాలేరు. 'వల్గర్'కి మూలమైన లాటిన్ మాటకి అర్థం మామూలు జనం. అసలు 'క్లాస్' అనే మాటే రోమన్లు ఆస్తిని బట్టి పౌరుల్ని విడగొట్టిన లెక్కలోంచి వచ్చింది. మనం ఎంతో గౌరవంగా వాడే 'క్లాసిక్' ఆ లెక్కలో పైమెట్టు. అంటే ఇన్‌కంటాక్స్ స్లాబులో పైన ఉన్నవాడి పేరు మీద గొప్ప పుస్తకాలని పిలుచుకుంటున్నాం!

మరి ఇన్ని తెలుగు తిట్లుండగా 'థర్డ్ క్లాస్' ఎందుకు ముద్దొచ్చింది? నా మట్టుకు నాకు తోచిన కారణం ఇది. 'అలగా జనం' అన్నామనుకోండి, అందులో కులం వాసన కొడుతుంది, అన్నవాడికే కాస్త జంకు. 'థర్డ్ క్లాస్' అంటే ఆ జంకు లేదు. ఏదో ఆఫీసువాళ్ళు కొలిచి స్టాంపు వేసినట్టుంటుంది. నంబరుంది కదా, నంబరు అబద్ధం చెప్పదు కదా అన్నట్టు. పైగా ఆ మాట అన్న మరుక్షణం మనం ఫస్ట్ క్లాసులో కూచున్నట్టే, టికెట్టు కొనకుండానే.

2009 సెప్టెంబరులో కేంద్ర సహాయమంత్రి శశి థరూర్ ట్విట్టర్లో విమానం ఎకానమీని 'క్యాటిల్ క్లాస్' అన్నప్పుడు ఎంత గొడవైందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సొంత పార్టీవాళ్ళే తప్పుబట్టారు, ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. ఎకానమీలో కూచునేవాళ్ళు ఉన్నారు, మీడియా ఉంది, అందుకని అడిగారు. థర్డ్ క్లాసు తరఫున అడగడానికి ఎవరున్నారు? ఆ క్లాసే లేదు. ఆ క్లాసులో ఉండాల్సినవాళ్ళు మాత్రం ఉన్నారు. సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్లో జనరల్ పెట్టె కోసం గంటలకొద్దీ లైన్లో నిలబడేవాళ్ళని చూడండి. మనం ఉంటున్న అపార్ట్‌మెంట్లు కట్టి, ఉత్తరాదికి తిరిగి వెళ్ళే కూలీలని చూడండి. పేరు 'జనరల్' అని మారింది, లోడు మాత్రం 1917 లెక్కే.

నేను చెప్పేదల్లా చిన్న విషయం. తిట్టొద్దనడం లేదు, తిట్టకుండా ఈ ఊరి ట్రాఫిక్‌లో బతకడం ఎవరి తరం? కానీ బాగు చేయదగిన తిట్టు తిట్టండి. మా దగ్గర ఎవరైనా బగ్ రిపోర్టులో 'పని చెయ్యట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే వెనక్కి పంపేస్తాం. ఏం నొక్కావు, ఏం వచ్చింది, ఏం రావాలి అని అడుగుతాం. 'థర్డ్ క్లాస్ టీ' కూడా అలాంటి రిపోర్టే. పాలు తక్కువయ్యాయంటే టీ కొట్టు ఆయన రేపు పోస్తాడు. 'గట్టిగా అరిచావు, నాకు బాధేసింది' అంటే ఎదుటివాడు సర్దుకునే అవకాశముంది. 'థర్డ్ క్లాస్ మనిషివి' అంటే వాడు చేయగలిగిందేమీ లేదు. ఎప్పుడో ఏ కంపెనీయో వేసిన పెట్టెలోంచి వాడు ఎలా దిగుతాడు?

అన్నట్టు గాంధీ చెప్పిన మందు ఇప్పటికీ దొరుకుతుంది. ఒక్కసారి సికింద్రాబాద్ నుంచి వరంగల్లు దాకా జనరల్లో వెళ్ళి రండి, ముందుగా ఎవరికీ చెప్పకుండా. నేను వెళ్ళొచ్చాను. కాలు పెట్టుకోడానికి చోటు లేదు, ఒకాయన నన్ను గట్టిగా తోశాడు కూడా. జనగామ దాటాక ఆయనే జరిగి, అంగుళమంత బల్ల నాకిచ్చాడు.